కోనసీమయు పరదేశ మూలధనమును

మూలధనమునకు జాతిమతములు లేవని కొందఱు వాదింతురు. సొమ్ము లండను నగరమునుండి వచ్చిన నేమి, సింగపూరునుండి వచ్చిన నేమి, దానిచే పని జరిగి నలుగురకు కూడు దొరకుటయే ముఖ్యమని వారి యభిప్రాయము. మఱికొందఱు దీనికి కేవలము వ్యతిరేకముగ, పరదేశీయుని రూక యొక్కటి దేశములో నడుగిడినచో దానివెంట వాని పెత్తనము గూడ నడుగిడునని భయపడుదురు. ఈ యిరువాగులవారును పెద్ద మాటలతో పోరాడుచుందురు గాని, పరదేశపు సొమ్ము మన గ్రామములకు వచ్చినప్పుడు నిజముగ నేమి జరిగినదో విచారింపరు. చరిత్ర యుండగా నూహలతో పనియేమి? కావున మేమీ వ్యాసమున ఒక్క చిన్న సీమను మాత్రము గైకొని, మూడువందల యేండ్లలో నచ్చటికిని దాని పరిసరములకును పరదేశ మూలధనము ఏయే రూపముల వచ్చెనో, ఎవరికి లాభించెనో, పోయిన పిమ్మట నేమి మిగిల్చెనో పరిశీలింప నుద్దేశించితిమి.

ఆ సీమ కోనసీమ. గౌతమి, వైనతేయ, వసిష్ఠ శాఖల నడుమ, సముద్రము వఱకు వ్యాపించిన యీ లంకల దేశము చదువరులలో ననేకులకు కొబ్బరితోటలవలనను, వేదపాఠశాలలవలనను, ప్రభలతీర్థమువలనను పరిచితమే. అమలాపురము, రాజోలు, కొత్తపేట దీని ముఖ్యపట్టణములు. 2022 లో నిది ప్రత్యేక జిల్లాగ నేర్పడి డాక్టరు బి. ఆర్. అంబేడ్కరుగారి పేరు దాల్చినది. ఏటి పాయలచే చుట్టుకొనబడి యొక మూలనున్న యీ సీమకు ప్రపంచ వాణిజ్యముతో సంబంధమేమని యడుగవచ్చును. కాని యేటి ముఖద్వారములే పూర్వము రాజమార్గములు. బట్టకొఱకు వచ్చినవారును, తుదకు చమురుకొఱకు వచ్చినవారును ఆ దారినే వచ్చిరి.

మొదట బట్ట సంగతి చూతము. పదునేడవ శతాబ్దిలోనే డచ్చివారు వసిష్ఠకు పడమటనున్న పాలకొల్లునందు స్థావర మేర్పఱచుకొనిరి. ఆంగ్లేయులు నరసాపురముచెంత మాధవాయపాలెమునందును, 1708 లో గౌతమి కావలనున్న ఇంజరమునందును కొఠీలు పెట్టిరి. ఫ్రెంచివారు 1723 లో యానామునకు వచ్చి, నడుమ విడిచిపోయి, 1731 లో మరల నెలకొనిరి. కోనసీమలోనే, అమలాపురమునకు దక్షిణముగ సముద్రతీరముననున్న బెండమూర్లంకలో గూడ ఆంగ్లేయుల కొఠీ యుండెను. 1757 లో బుస్సీ సేనాని యుత్తర సర్కారులలోని యాంగ్లేయ స్థావరములను బట్టుకొన్నప్పుడు ఇంజరము, మాధవాయపాలెములతోబాటు నిదియు నతని వశమయ్యెను. ఇప్పుడా యూరికి పోయి చూచువారికి, ఐరోపాలోని రెండు రాజ్యములు దీనికొఱకు కలహించెననిన నమ్మ శక్యముగాదు.

ఈ కొఠీలకు వచ్చిన మూలధనమెట్టిది? ఐరోపావారియొద్ద మనవారు కొనదగిన సరకు లప్పుడు చాల తక్కువ. కావున వారు వెండి తెచ్చిరి. ఆ వెండిని నాణెములుగ మార్చి, దళారుల ద్వారా సాలెవారికిని దేవాంగులకును బయానా లిచ్చిరి. నేతగాడు బయానా పుచ్చుకొని నూలు కొని, ఇంటిల్లిపాదియు శ్రమపడి, చెప్పిన కొలతకును నాణ్యమునకును సరిపోవునట్లు తానులు నేసి యిచ్చుచుండెను. డచ్చివాడు, ఆంగ్లేయుడు, ఫ్రెంచివాడు, దేశీయ వర్తకుడు అను నలుగురు కొనువా రున్నంతకాలము నేతగాని మాటకు విలువ యుండెను. ఒకడు తక్కువ ధర చెప్పిన మఱియొకని గుమ్మ మెక్కుటకు వానికి వీలుండెను. గోదావరి తీరమునకు పరదేశపు వెండి వచ్చుటచే గ్రామములకు మేలు కలిగినదన్న మాట యీ కాలమునకు కొంతవఱకు నిజమే.

అయితే 1765 లో మొగలు పాదుషా ఫర్మానా పొంది, మఱుసటి యేట నిజాముతో నొడంబడిక చేసికొని, ఇంగ్లీషు కంపెనీవా రుత్తర సర్కారుల కధిపతులైరి. అప్పటినుండి శిస్తు తీసికొనువాడును బట్ట కొనువాడును ఒక్కడే యయ్యెను. ఇచ్చట చదువరులు గమనింపవలసిన మాట యొకటి కలదు. కంపెనీవారు తమ లెక్కలలో, ప్రతి సంవత్సరమును సీమకు పంపుటకై కొను సరకునకే 'ఇన్వెస్టుమెంటు' అని పేరు పెట్టిరి. నే డా మాటకు మన మొకరి దేశమున పెట్టు పెట్టుబడి యని యర్థము చెప్పుకొనుచున్నాము. బంగాళమునందు దివానీ చేతబడిన పిమ్మట నీ యిన్వెస్టుమెంటును ఆ దేశపు శిస్తునుండియే జరిపిరని 1783 లో ఎడ్మండు బర్కు మొదలగువారు పార్లమెంటు నివేదికయందే విప్పి చెప్పిరి. అనగా మన రైతు చెల్లించిన పన్నుతో మన నేతగాని బట్టను కొని సముద్రము దాటించి, దానికి పరదేశపు పెట్టుబడి యని పేరిడిరన్నమాట. రాజ్యాధికారము పరుల చేతబడిన దేశమున మూలధనమను మాటయే తలక్రిందులగునని దీనివలన తెలియుచున్నది.

నేతగాని గతి యేమయ్యెను? కొనువా డొక్కడే యైనప్పుడు ధర చెప్పువాడును వాడే. బయానా ఋణమయ్యెను, ఋణము సంకెల యయ్యెను. అమ్మబోయిన నడవి, కొనబోయిన కొఱివి యన్న సామెత వానియెడ సార్థకమైనది. పదునెనిమిదవ శతాబ్దాంతమున గోదావరి మండలపు నేతగాండ్రు గుంపులు గూడి కంపెనీ యధికారులకు తమ కష్టములు చెప్పికొని విన్నపము లిచ్చుకొనిరి. ఇంతలో లాంకషైరు యంత్రములు తిరుగ నారంభించెను. 1813 నాటి శాసనముచే కంపెనీ గుత్త పోయెను. 1833 నాటి శాసనముచే దాని వర్తకమే ముగిసెను. కొఠీలు మూతపడెను. మాధవాయపాలెపు బట్ట పాశ్చాత్యుల నోట 'మాదపొల్లము' అని ప్రసిద్ధికెక్కి యుండెను. తుదకు ఇంగ్లాండు మరలపై నేసిన బట్టకే యా పేరు నిలిచి, నిఘంటువుల కెక్కినది. ఊరి పేరు పరదేశమునకు పోయినది. ఊరి మగ్గము మాత్రము మూలబడినది.

నూఱేండ్లకు పైగా వెండి ప్రవహించినను, బయానా యిచ్చినవారొక మంచి మగ్గమునైన, నేతగాని బిడ్డలకు బడినైన నెలకొల్పలేదు. సరకు కొనుటయే వారి పని గాని, సరకు చేయు శక్తిని బెంచుట వారి పని కాదు. బండారులంక, మోరి మొదలగు గ్రామములలో మగ్గపు చప్పుడు పిమ్మటి కాలమునకు నిలిచినదన్నచో, అది కొఠీల యనుగ్రహము కాదు. తండ్రినుండి కొడుకునకు, అత్తనుండి కోడలికి సంక్రమించిన పనితనమే దానికి కారణము.

రెండవ ఘట్టము నీటిది. 1833 నందన కఱవును, 1839 నాటి సముద్రపు టుప్పెనయు గోదావరి మండలమును కృశింపజేసెను. ఏటి నీరు కన్నులయెదుటనే సముద్రము పాలగుచుండ, గట్టుమీది పైరు లెండుచుండెను. 1844 లో మాంటుగోమరీదొర యీ మండలపు దుస్థితిని విచారించెను. ఆర్థరు కాటనుదొర యానకట్టకు ప్రయత్నము సాగించెను. 1847 లో ధవళేశ్వరమునొద్ద పని యారంభమై 1852 నాటికి ముఖ్యభాగము పూర్తియయ్యెను. వైనతేయపై గన్నవరమునొద్ద అక్విడక్టు కట్టి, ఏటిమీదుగ నేటిని నడపినట్లు, కాలువ నీటిని రాజోలు ప్రాంతపు నగరము లంకకు జేర్చిరి. కోనసీమ నేటి కోనసీమ యైనది ఈ నీటివలననే.

ఇందులో పరదేశ మూలధన మెంత? విద్య పరదేశీయునిది, సొమ్ము మాత్రము మన ఖజానాది. ఏ లండను కంపెనీయు నీ యానకట్టలో వాటాలు కొనలేదు. రాళ్లు మోసినవారు, సున్నము కాల్చినవారు, కూలీలను సమకూర్చి కాటనునకు కుడిభుజమైన వీణెం వీరన్నగారు, అందఱును మనవారే. లాభమును దేశపు లెక్కకే చేరెను. ప్రభుత్వమువారు నీటితీరువ రూపమున దానిని పిండుకొనిరను మాట నిజమే గాని, పని దేశమునకు సొంతమై నిలిచెను.

దీనిని మఱియొక కాలువతో పోల్చి చూడవలెను. గోదావరి ఫలము జూచి యుత్సాహపడిన ధనికులు లండనులో మద్రాసు ఇరిగేషను కంపెనీ యను పేర నొక సంఘముగ గూడి, తుంగభద్రపై సుంకేసులనుండి కడపవఱకు కాలువ త్రవ్వ బూనిరి. అదియే కర్నూలు కడప కాలువ. పది లక్షల పౌనుల మూలధనముపై నూటి కయిదు చొప్పున వడ్డీ మన ప్రభుత్వమే పూచీపడెను. లాభము వచ్చినను రాకున్నను వడ్డీ తప్పదు. అట్టిచోట పొదుపుగ పని చేయవలెనను చింత యెవరికుండును? తెచ్చిన ధనమంతయు ఖర్చయ్యెను. ప్రభుత్వము మరల నప్పీయవలసి వచ్చెను. నల్లరేగడి భూములలో జొన్న, ప్రత్తి పండించు రాయలసీమ రైతు కాలువ నీటికి వెంటనే యాశపడలేదు. తుదకు 1882 లో ప్రభుత్వమే కాలువను కొనవలసివచ్చెను. రైలుమార్గముల కంపెనీలకు గూడ నిట్టి యయిదు వంతుల పూచీయే యిచ్చి, తక్కువపడిన సొమ్మును మన పన్నులనుండి పూరించిరి. నష్టము దేశముది, లాభము వాటాదారులది యను నీ పద్ధతిని దాదాభాయి నౌరోజీ, రానడే మొదలగు పెద్దలు తీవ్రముగ విమర్శించుటకు కారణ మిదియే.

ఆనకట్ట చేసిన మేలు పంటతో నాగలేదు. నీరు అన్నమయ్యెను, తినగా మిగిలినది మూలధనమయ్యెను. డెల్టా రైతుల బిడ్డలు చదువులకు పోయిరి. తీరపు జిల్లాలలో రైసు మిల్లులు, ముద్రాలయములు, నాటక సమాజములు వెలసెను. 1923 లో బందరునందు పట్టాభి సీతారామయ్యగా రాంధ్రాబ్యాంకును స్థాపింపగలిగిరి. ఐనను మే మిచ్చట నొక సత్యమును దాచరాదు. నీరు భూమి గలవానినే ధనికుని జేసినది. గట్లు పోసిన కూలివాని కుటుంబము, మాలపల్లెలోని చేతులు, అదే కాలువ ప్రక్కన తరతరములు భూమి లేకయే జీవించినవి. మూలధనము స్వదేశీయమైనంతమాత్రమున న్యాయముగ పంచబడునని భ్రమపడరాదు.

మూడవ ఘట్టము మనము కన్నులార చూచినది. 1987 లో నూనె సహజవాయు సంఘమువారు, అనగా ఓఎన్జీసీవారు, ఉప్పలగుప్తము మండలములోని సూరసానియానాము తీరమున కెదుట సముద్రగర్భమున చమురు కనుగొనిరి. అదియే రవ్వ క్షేత్రము. 1991 లో దేశము విదేశ మారకద్రవ్యము లేక బంగారమును కుదువబెట్టుకొనవలసిన దుర్దశలో బడి, పరదేశ మూలధనమునకు తలుపులు తెఱచెను. 1994 అక్టోబరు 28 న రవ్వపై ఉత్పత్తి పంపిణీ యొడంబడిక జరిగెను. ఇందు ఓఎన్జీసీకి 40 వంతులు, వీడియోకానునకు 25 వంతులు, సింగపూరుకు చెందిన రవ్వ ఆయిలునకు 12.5 వంతులు, ఆస్ట్రేలియాకు చెందిన కమాండు పెట్రోలియమునకు 22.5 వంతులు. నిర్వాహకత్వ మీ కడపటి కంపెనీది. 1996 లో స్కాట్లండు దేశపు కెయిర్ను కంపెనీ దీనిని గైకొనెను. 2011 లో వేదాంత సంస్థ కెయిర్ను ఇండియాను గొనెను. ఇరువది యేండ్ల లోపల నిర్వాహకుని పేరు రెండుమార్లు మారినను, సముద్రపు గట్టున కాపురమున్న పల్లెవారి నెవరును సంప్రదింపలేదు. వాటాల బజారున జరిగిన బేరము గ్రామచావడికి వినబడదు గదా!

ఈ పెట్టుబడిచే మేలు జరుగలేదనుట యన్యాయము. కొలది యేండ్లలోనే దినమునకు సుమారు 50 వేల పీపాల చమురు వెలువడెను. దేశమునకు చమురు దిగుమతి భార మామేరకు తగ్గెను. సముద్రములో వేదికలు కట్టుట, గొట్టములు వేయుట మున్నగు పనులు మన యువకులు నేర్చిరి. కాని యొడంబడిక మర్మమును చదువరు లెఱుంగవలెను. అట్టి యొడంబడికలో కంపెనీలు మొదట తమ ఖర్చును చమురునుండి రాబట్టుకొనును. ఖర్చు పోగా మిగిలినదే లాభము. దానిలోనే ప్రభుత్వమునకు వంతు. కావున ఖర్చు లెక్క పెరిగినకొలది దేశపు వంతు తరుగును. రవ్వ క్షేత్రపు ఖర్చునుగూర్చియే వివాదము పుట్టెను. ప్రభుత్వ మొప్పుకొన్న ఖర్చు తక్కువ. కంపెనీలు చూపిన ఖర్చు హెచ్చు. వ్యవహారము కౌలాలంపూరు మధ్యవర్తుల యెదుటికి పోయి, 2011 లో కంపెనీలకనుకూలముగ తీర్పయ్యెను. ఆ తీర్పు నమలుపఱుపవచ్చునని 2020 సెప్టెంబరులో మన సర్వోన్నత న్యాయస్థానము నిర్ణయించెను. ఎవరు ధర్మము చెప్పిరో విమర్శించుట మా పని కాదు. వ్రాతకోతలయందు జాగరూకత లేని దేశము చమురు నమ్ముకొని బాగుపడజాలదని మాత్రము చెప్పుదుము. పూర్వము నేతగాడు బయానా పత్రము చదువలేక చెడెను. నేడు చదువనేర్చినవారున్నారు, అయినను పత్రముపై సంతకమునకు ముందే చదువవలెను.

మఱియొక సంగతి. రాజ్యాంగములోని 297 వ అధికరణము ననుసరించి సముద్రగర్భమందలి సంపద కేంద్రప్రభుత్వమునకు చెందును. భూమిపై బావుల రాయల్టీ రాష్ట్రమునకు కొంత వచ్చును గాని, రవ్వవంటి సముద్రపు బావులవలన రాష్ట్రమునకే హక్కు లేనప్పుడు సూరసానియానాము బెస్తవాని కేమి హక్కుండును? అపాయమునందు మాత్రము వానికి వంతు కలదు. 1995 జనవరి 8 న పాశర్లపూడియొద్ద ఓఎన్జీసీ బావి బ్రద్దలై, 65 దినములు మంట యార్పరానిదై మండెను. 2014 జూను 27 తెల్లవాఱుజామున నగరము గ్రామమున గెయిల్ గొట్టపుబాట పేలి యిరువదిమందికి పైగా దగ్ధులైరి. ఈ రెండు సంస్థలును మన ప్రభుత్వమువే. కావున దోషము మూలధనపు జాతిలో లేదు. దాని వలన లాభించువాడొక చోటను, దాని ప్రక్కన నిద్రించువాడొక చోటను నుండుటలోనే కలదు.

ఇప్పుడు సిద్ధాంతమునకు వత్తము. జాన్ డన్నింగు అను నాంగ్లేయ యర్థశాస్త్రజ్ఞుడు 1981 లో నొక విషయము చెప్పెను. దేశము బీదదై, విద్యయు మార్గములును లేనప్పుడు పరదేశ మూలధనము దాని జోలికే పోదు. పోయినను గనులకొఱకో, పంటలకొఱకో మాత్రము పోవును. దేశమునకు బజారును కూలిజనమును చేకూరినపుడు పరదేశీయులు వచ్చి కర్మాగారములు పెట్టుదురు. దేశీయులు పనితనము నేర్చి బలపడిన తోడనే వారును పరదేశములలో పెట్టుబడి పెట్ట నారంభింతురు. తుదకు రెండు ప్రవాహములును సరితూగును. ఇది పసివాడు ప్రాకుట, నడుచుట, పరుగెత్తుట వంటిదని యాయన భావము.

మన కథ కీ సిద్ధాంతము కొంతవఱకు సరిపోవును. రవ్వకు పరదేశీయులను పిలిచిన ఓఎన్జీసీవారి విదేశ శాఖయే 2001 లో రష్యాదేశపు సఖాలిను చమురు క్షేత్రమున 20 వంతుల వాటా గొనెను. 2007 లో టాటాలు ఐరోపాలో కోరసు ఉక్కు కంపెనీని గొనిరి. నేడు భారతదేశము పుచ్చుకొనునదియు, ఇచ్చునదియు నగుచున్నది. కాని సిద్ధాంతమును మక్కికి మక్కి నమ్ముటలో ప్రమాదము కలదు. మెట్లు తమంత తామే పైకి మోయవు. పదునెనిమిదవ శతాబ్దిలో కోనసీమ బట్ట ప్రపంచమంతట నమ్ముడువోయెను. ఆ పనితనమునుబట్టి చూచిన మనము ముందు మెట్టుననే యుంటిమి. రాజ్యము పోగానే వెనుక మెట్టుకు త్రోయబడితిమి. కావున మెట్టెక్కించునది పరదేశపు సొమ్ము కాదు. బేరమాడగల ప్రభుత్వము, చదువు నేర్చిన ప్రజ, మిగులు నిలువచేయు కుటుంబము, ఇవి యున్నచో వచ్చిన సొమ్ము సేవకుడగును. లేనిచో నదియే యజమాని యగును.

ముగింపునకు ముందు నింకొక ప్రవాహమును స్మరింతుము. దాని నేయర్థశాస్త్రజ్ఞుడును పెట్టుబడి యని లెక్కింపడు. రాజోలు, మలికిపురము ప్రాంతములనుండి కువైటు, మస్కటు మున్నగు దేశములకు పనికిపోయిన వారిలో స్త్రీలు పెక్కుమంది. పరుల యిండ్లలో పాచిపని చేసి, పరుల బిడ్డల నెత్తుకొని, తమ బిడ్డలను తల్లుల కప్పగించి, నెలనెలయు పంపిన సొమ్ముతో కోనసీమలో డాబాలు లేచినవి, అప్పులు తీరినవి, ఆడపిల్లలు కళాశాలలకు పోయిరి. కంపెనీల పెట్టుబడికి పూచీలు, ఒడంబడికలు, మధ్యవర్తులు, న్యాయస్థానములు కలవు. ఈ తల్లుల పెట్టుబడి కే పూచీయు లేదు. జీతము చేతికీయని యజమానిపై నెచ్చట ఫిర్యాదు చేయవలెనో గూడ వారిలో పలువురకు తెలియదు. పరదేశ మూలధనమునకు పందిళ్లు వేయు ప్రభుత్వములు, పరదేశమున శ్రమించు స్వదేశ స్త్రీకి పత్రములు చదివి చెప్పు నొక గుమాస్తానైన తాలూకాకొకని నేర్పఱచుట ధర్మము కాదా?

పరదేశపు సొమ్మును చూచి మురియవలదు, వెఱవవలదు. అది యూరికి వచ్చినపుడు ప్రతి గృహస్థుడును, ప్రతి గృహిణియు నొక్క ప్రశ్న నడుగవలెను: ఈతడు వెడలిపోయిన నాడు మా చేత నేమి మిగులును? బెండమూర్లంక కొఠీ పోయిన పిమ్మట నేమియు మిగులలేదు. ధవళేశ్వరపు టానకట్ట కట్టినవాడు పోయిన పిమ్మట నీరు మిగిలినది. రవ్వ చమురు నేటికి కాకున్న రేపటికి హరించును. ఎండిన బావి ప్రక్కన మిగులునది మన పిల్లల చదువో, మన తీరపు టుప్పునీరో, దానిని నిర్ణయించు కాల మింకను మన చేతిలోనే యున్నది.